క్రియ లేని పాయింటు పాయింటు కాదు

రాత సందేహాలు: వ్యాసానికి ముందు వేసుకునే అవుట్‌లైన్ గురించి విశాఖ పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా కాలేజీలో వ్యాసరచన పోటీ పెట్టారు. అంశం ‘విశాఖ తీరం ఎందుకు కోతకు గురవుతోంది?’ 800 మాటలు దాటకూడదు. నోట్‌బుక్‌లో ముప్పై దాకా పాయింట్లు రాసుకున్నాను. దేని తర్వాత ఏది రాయాలో తేలడం లేదు. అవుట్‌లైన్ వేసుకోమని మా మేడమ్ చెబితే ‘ఉపోద్ఘాతం, కారణాలు, ఫలితాలు, పరిష్కారాలు, ముగింపు’ అని రాసి పెట్టుకున్నాను. అయినా పెన్ను కదలడం లేదు.
– డిగ్రీ విద్యార్థిని, గాజువాక

జవాబు: మీరు రాసుకున్న ఆ ఐదు మాటల్నీ మళ్లీ ఒకసారి చూడండి. అందులో తీరం లేదు, ఇసుక లేదు, విశాఖ లేదు. వరకట్నం మీద రాసినా, ప్లాస్టిక్ సంచుల మీద రాసినా అవే ఐదు మాటలు సరిపోతాయి. అవి వంటింటి డబ్బాల మీద అంటించిన పేర్లలాంటివి. ఏ డబ్బాలో ఏముందో మీరింకా తేల్చుకోలేదు. పెన్ను కదలనిది అందుకే తప్ప, మీకు విషయం తెలియక కాదు.

ముందు ఆ ముప్పై పాయింట్లనూ పక్కన పెట్టి, పోటీవాళ్లు అడిగినదానికి ఒకే ఒక్క వాక్యంలో జవాబు రాయండి. ‘ఎందుకు’ అని అడిగారు కాబట్టి మీ వాక్యంలో కారణం ఉండి తీరాలి. మొదటిసారి రాస్తే చాలామందికి ‘తీరం కోత నేడు పెద్ద సమస్యగా మారింది’ అని వస్తుంది. అది జవాబు కాదు, ప్రశ్ననే ఇంకోలా చెప్పడం. కొట్టేసి మళ్లీ రాయండి. ‘దక్షిణం నుంచి నడిచి రావలసిన ఇసుక హార్బరు దగ్గర ఆగిపోతోంది కాబట్టి ఆర్.కె. బీచ్ కోతకు గురవుతోంది’ – ఇలాంటి వాక్యం రావాలి. దీనికి అరగంట పట్టినా పట్టనివ్వండి. మిగతా పనంతా ఈ వాక్యం మీదే నిలబడుతుంది.

ఇప్పుడు పాయింట్లను చీటీల మీదికి ఎక్కించండి. పాత క్యాలెండర్ కాగితాల వెనక వైపు తెల్లగా ఉంటుంది. చింపి, ముక్కకొక పాయింటు రాయండి. నోట్‌బుక్‌లో కిందికి కిందికి రాసుకున్నవాటిని ఎన్నిసార్లు చదివినా అదే వరసలో చదువుతాం. అది మనకు గుర్తొచ్చిన వరస, చదివేవాడికి చెప్పవలసిన వరస కాదు. చీటీలైతే నేల మీద పరిచి అటూ ఇటూ జరపవచ్చు. ఒక్కో చీటీని చేతిలోకి తీసుకుని, మీ జవాబు వాక్యాన్ని పైకి చదివి, ‘ఈ చీటీ లేకపోతే ఆ వాక్యాన్ని నమ్మించలేనా?’ అని అడగండి. నమ్మించగలిగితే ఆ చీటీ పక్కకు. కైలాసగిరి అందం, పర్యాటకుల రద్దీ, ‘సముద్రం మన సంపద’ లాంటివన్నీ ఈ దెబ్బతో పోతాయి. పన్నెండో పద్నాలుగో మిగిలితే చాలు. 800 మాటల్లో 130 మాటల చొప్పున ఆరు పేరాలు పడతాయి. పేరాలో రెండు పాయింట్లకే సరిగ్గా చోటు, మహా అయితే మూడు. ముప్పై పాయింట్లూ పెట్టాలంటే ఒక్కోదానికి పాతిక మాటలు దక్కుతాయి. పాతిక మాటల్లో దాని పేరు చెప్పగలం, అది ఎలా పనిచేస్తుందో చెప్పలేం.

మిగిలినవాటిని కుప్పలు వేసి, కుప్పకో పేరు పెట్టండి. అసలు ఆలోచన ఇక్కడే జరుగుతుంది కాబట్టి తొందరపడకండి. పేరు ఒంటి మాటగా ఉండకూడదు, క్రియతో ముగిసే నిండు వాక్యంగా ఉండాలి. మీ అంశానికి ఇలా రావచ్చు:

1. మన తీరం వెంట ఇసుక ఒకచోట నిలవదు, నడుస్తూ ఉంటుంది.
2. 1970లలో కట్టిన ఔటర్ హార్బరు బ్రేక్‌వాటర్లు (అలలను ఆపేందుకు సముద్రంలోకి కట్టిన గోడలు) ఆ నడకకు అడ్డుపడ్డాయి.
3. దాంతో ఉత్తరాన ఉన్న ఆర్.కె. బీచ్‌కు వచ్చే ఇసుక తగ్గింది, అక్కణ్ణుంచి పోయేది తగ్గలేదు.
4. ఏళ్ల తరబడి పెరిగిన ఈ లోటును తుపాను ఒక్క రోజులో బయటపెడుతుంది.
5. పోర్టు డ్రెడ్జర్లతో తోడిన ఇసుకను బీచ్‌కు పోయిస్తోంది, అయితే అదీ నడిచిపోయే ఇసుకే.
6. రాతి గోడ కడితే ఆ చోటు నిలుస్తుంది గానీ కోత పక్కకు జరుగుతుంది, అందుకే ఇసుక పోయడాన్ని ఏటేటా చేసే పనిగా ఉంచాలి.

ఒక్కో వాక్యం కింద దాని ఆధారాన్ని పొడి మాటల్లో రాసుకోండి. ఒకటో దాని కింద: మార్చి నుంచి అక్టోబరు దాకా అలలు దక్షిణం పక్క నుంచి ఏటవాలుగా తగిలి ఇసుకను ఉత్తరానికి తోస్తాయి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెనక్కు తోస్తాయి, ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. నాలుగో దాని కింద: హుద్‌హుద్, 2014 అక్టోబరు 12. ఆధారం దొరకని వాక్యం పక్కన సున్నా చుట్టండి. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి వెళ్లేటప్పుడు ఆ సున్నాలను మాత్రమే వెంట తీసుకెళ్లండి. ‘తీరం గురించి ఏమైనా’ అని వెతికితే సాయంత్రానికి ఇంకో ముప్పై పాయింట్లతో తిరిగొస్తారు.

ఇక వరస సరిపోయిందో లేదో చూడటానికి, పక్కపక్క వాక్యాల మధ్య ఏ మాట ఇముడుతుందో చూడండి. ‘అయితే’, ‘కాబట్టి’, ‘దాంతో’, ‘అయినా’, ‘ఎందుకంటే’ – వీటిలో ఒకటి ఇమిడితే ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నట్టు. ‘అలాగే’, ‘ఇంకా’ తప్ప మరేదీ ఇమడకపోతే అక్కడున్నది జాబితా. (‘మరియు’ సంగతి వదిలేయండి, తెలుగు వాక్యానికి దాని అవసరమే లేదు.) అలాంటి చోట రెండు వాక్యాలనూ తారుమారు చేసి చదవండి. ఏ తేడా కనిపించకపోతే రెంటినీ ఒక పేరాలో కలిపేయండి, లేదా ఒకదాన్ని తీసేయండి.

మరో జాగ్రత్త. ఈ అంశం ఇస్తే చాలా వ్యాసాలు భూతాపంతోనే మొదలవుతాయి. సముద్రమట్టం పెరగడం నిజమే, కానీ అది తీరమంతటికీ వర్తించే కారణం. మిమ్మల్ని అడిగింది విశాఖ గురించి. దాన్ని నాలుగో పేరాలో ఒక వాక్యంగా చెప్పి, మొదటి పేరాలో నడిచే ఇసుకను చూపించండి.

ప్రశ్న: సివిల్స్ మెయిన్స్ తెలుగులో రాయబోతున్నాను. వ్యాసం పేపరులో అవుట్‌లైన్‌కు ఎన్ని నిమిషాలు ఇవ్వొచ్చు? మొన్న మాక్ టెస్టులో దానికే 25 నిమిషాలు పోయి రెండో వ్యాసం సగంలో ఆగిపోయింది. సామెతల్లాంటి అంశాలు వస్తే అసలు ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్పండి.
– మద్దిలపాలెం పాఠకుడు

జవాబు: మూడు గంటలు, రెండు వ్యాసాలు, ఒక్కోటి 125 మార్కులకు, 1000 నుంచి 1200 మాటల్లో. అంటే వ్యాసానికి 90 నిమిషాలు. అందులో 15 అవుట్‌లైన్‌కు, 5 చివర చదువుకోవడానికి పోతే రాతకు 70 మిగులుతాయి. నిమిషానికి 16 మాటలు రాసే చేతికి 1100 మాటలకు 69 నిమిషాలు పడుతుంది, కాబట్టి ఈ లెక్క సరిపోతుంది. మీ చేతి వేగం ఎంతో ముందు కొలవండి. గడియారం పెట్టుకుని, తెలిసిన విషయం మీద పది నిమిషాలు ఆపకుండా రాసి మాటలు లెక్కపెట్టండి. నిమిషానికి 14 మాత్రమే వస్తుంటే 1000 మాటలకే 71 నిమిషాలు కావాలి. అప్పుడు అవుట్‌లైన్ 13 నిమిషాల్లో ముగించి, వ్యాసాన్ని వెయ్యి మాటల దగ్గరే ఆపాలి. ఇంగ్లీషు మీడియం నోట్సులో ‘ఇన్ని పేరాలు, పేరాకు ఇన్ని మాటలు’ అని ఉండే కొలతలను యథాతథంగా తెచ్చుకోకండి. ‘చేయవలసివచ్చినప్పటికీ’ మనకు ఒక్క మాట. అదే విషయం తెలుగులో తక్కువ మాటల్లో ముగుస్తుంది. మీ చేతిరాతలో పేజీకి ఎన్ని మాటలు పడతాయో తెలుసుకుని, పేజీల లెక్కన ప్రాక్టీసు చేయండి.

మీ 25 నిమిషాలు ఎక్కడికి పోయాయో ఆ రోజు చిత్తు పేజీ చూస్తే తెలుస్తుంది. సాధారణంగా రెండు కారణాలుంటాయి. ఒకటి, అవుట్‌లైన్‌లోనే వాక్యాలను చెక్కడం. అక్కడ ఎనిమిది తొమ్మిది పంక్తులు, పంక్తికి ఆరేడు మాటలు చాలు. క్రియ ఉండాలి, అందం అక్కర్లేదు. రెండోది, రెండు అంశాల మధ్య ఊగిసలాట. ఏ అంశం మీద రెండు నిమిషాల్లో ఒక ‘అయితే’, అంటే ఎదురుమాట, పుడుతుందో దాన్ని తీసుకోండి. ఒప్పుకోలు మాత్రమే పుట్టే అంశం మీద మూడో పేరా నుంచి చెప్పిందే చెప్పవలసివస్తుంది. 15 నిమిషాలనూ ఇలా పంచుకోండి: అంశం ఎంచుకుని విప్పడానికి 3, గుర్తొచ్చినవన్నీ చిందరవందరగానే రాయడానికి 5, వరస పెట్టడానికి 4, మొదటి పేరా, చివరి పేరా ఏం చెబుతాయో తేల్చుకోవడానికి 3. చిత్తు పని ఎక్కడ చేయాలో, తర్వాత దాన్ని కొట్టేయాలో లేదో బుక్‌లెట్ మీది సూచనల్లో ముందే చదువుకోండి.

సామెత సంగతికి వద్దాం. ‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అంశంగా వచ్చిందనుకోండి. ఎక్కువమంది వేసే మెట్లు ఇవి: వ్యక్తి జీవితంలో, కుటుంబంలో, సమాజంలో, దేశంలో, ప్రపంచంలో. చూడటానికి క్రమంగానే ఉంటుంది. కానీ ఐదు పేరాల్లోనూ ఉన్నది ఒకటే మాట: ముందే జాగ్రత్తపడాలి. మనుషుల సంఖ్య పెరిగింది గానీ ఆలోచన అడుగు కూడా వేయలేదు. దిద్దేవాళ్లకు మూడో పేరాలోనే ఇది తెలిసిపోతుంది.

దాని బదులు సామెతలోని మాటలనే ప్రశ్నించండి. అడుసు ఏది? తొక్కింది ఎవరు? కడిగే నీళ్లు ఎవరివి? ఈ మూడు ప్రశ్నలు పెట్టుకుంటే పంక్తులు వాటంతటవే వస్తాయి. నివారణ ఖర్చు కళ్లకు కనబడుతుంది, దాని ఫలితం కనబడదు. రాని జబ్బును ఎవరూ లెక్కపెట్టరు, అందుకే టీకాలకు, డ్రైనేజీకి నిధులు అడగడం కష్టం, ఆసుపత్రి కట్టిస్తామనడం తేలిక. తర్వాతి పంక్తి: తొక్కేది ఒకరు, కడుక్కునేది ఇంకొకరు. వ్యర్థాలు వదిలింది ఫ్యాక్టరీ అయితే చేపలు పోగొట్టుకునేది మత్స్యకారుడు. కాబట్టి కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం ఇక్కడ వస్తుంది. ఆ తర్వాత మలుపు: అయితే అడుసు తొక్కకుండా వరి నాటు పడదు. రైతు రోజంతా తొక్కేది అడుసే. ప్రయోగం చేసే శాస్త్రవేత్త, కొత్త వ్యాపారం పెట్టేవాళ్లు కూడా అంతే. మరి ఏ అడుసు తొక్కాలి, ఏది తప్పుకోవాలి? కడిగితే పోయేది తొక్కవచ్చు, కడిగినా పోనిదాన్ని తప్పుకోవాలి. భూగర్భజలంలోకి దిగిన విషాన్ని కడగలేం, అంతరించిన జాతిని తిరిగి తేలేం. వ్యాసం ఈ తేడా దగ్గరకు చేరాక ముగింపును విడిగా వెతుక్కోనక్కర్లేదు.

ఆ ‘అయితే’ ఎక్కడ పెట్టాలన్నది మాత్రం గుర్తుంచుకోండి. తొమ్మిది పేరాల వ్యాసంలో ఐదో ఆరో పేరాలో రావాలి. ఎనిమిదో పేరాలో పెడితే దానికి మీరు బదులు చెప్పే చోటు మిగలదు, అప్పటిదాకా చెప్పినదాన్ని మీరే కాదన్నట్టు ఉంటుంది. రెండో పేరాలోనే పెడితే ఏ వాదానికి ఎదురుమాటో చదివేవాళ్లకు ఇంకా తెలియదు.

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. ‘వర్షాకాలం’ మీద ఒక పేజీ రాయమంటే నాలుగు వాక్యాలకే ఆపేస్తుంది. ముందు అవుట్‌లైన్ రాసుకోమంటే ఇంకా బెంబేలెత్తిపోతోంది. ఎలా నేర్పాలండీ?
– ఒక తల్లి, పెందుర్తి

జవాబు: ఆ మాటే ఇంట్లో అనకండమ్మా. ఆ వయసు పిల్లలకు అది ఇంకో పరీక్షలా వినబడుతుంది. పాప ఆగిపోవడానికి కారణం బద్ధకం కాదు. ఏం చెప్పాలి, ముందేది చెప్పాలి, దీర్ఘం పెట్టాలా, ఒత్తు ఎక్కడ – ఈ నాలుగు పనులూ ఒకేసారి చేస్తోంది. వాటిని విడదీస్తే సగం బరువు దిగుతుంది.

మొదట అంశాన్ని చిన్నది చేయండి. వర్షాకాలం చాలా పెద్దది. అందుకే ‘భారతదేశం వ్యవసాయ దేశం’ అని గైడులో వాక్యం తెచ్చి పెట్టి, ఆపైన ఏమీ తోచక కూర్చుంటారు. ‘గట్టి వాన పడిన రోజు బడికి వెళ్లడం’ అని మార్చండి. ఇప్పుడు పాపను మాట్లాడించండి, రాయించకండి. లేవగానే ఏం వినబడింది? బస్సు వచ్చిందా, ఆటోనా? చెప్పులేమయ్యాయి? క్లాసులో ఎంతమంది వచ్చారు? తిరిగొచ్చాక ఏం తిన్నావు? తను చెప్పే మాటల్లో రెండు మూడు ముక్కలను తన మాటల్లోనే చీటీల మీద మీరు రాయండి. ‘చెప్పు కొట్టుకుపోయింది’ అంటే అదే రాయాలి, ‘వరదనీరు’ అని దిద్దకూడదు. నాలుగు చీటీలు చాలు. వాటిని ఏ వరసలో పెట్టాలో పాపనే పెట్టనివ్వండి. మీకు నచ్చకపోయినా జరపకండి, ‘ఇది ముందెందుకు?’ అని మాత్రం అడగండి. చీటీకి మూడు వాక్యాల చొప్పున పన్నెండు వాక్యాలు, పేజీ నిండుతుంది. తలకట్లు, దీర్ఘాలు అన్నీ రాసిన తర్వాత ఒకేసారి చూడండి.

ఇలా ఐదారు వ్యాసాలయ్యాక చీటీల మీద రాసే పని కూడా పాపకే ఇవ్వండి.

ప్రశ్న: ఉక్కు ఉద్యమం మీద రెండు వేల మాటల వ్యాసం రాశాను. 14 పేరాలు. చదివిన మిత్రులు ‘అంతా ఉంది గానీ ఎటు పోతోందో తెలియడం లేదు’ అంటున్నారు. ప్రతి జతచేశాను. రాసేశాక కూడా అవుట్‌లైన్ వేయవచ్చా?
– విశ్రాంత ఉద్యోగి, సీతమ్మధార

జవాబు: వేయవచ్చండీ. నిజానికి పెద్ద వ్యాసాలకు ఎక్కువగా పనికొచ్చేది ఈ వెనకటి అవుట్‌లైనే. పేరాలకు వరసగా అంకెలు వేసి, వేరే కాగితం మీద ఒక్కో పేరా ‘ఏం చెబుతోంది’ అన్నది ఒక వాక్యంలో రాయాలి. ‘దేని గురించి’ అని రాస్తే ఉపయోగం లేదు. ‘5: నిరాహార దీక్ష గురించి’ అనుకుంటే ఏ తప్పూ కనబడదు. ‘5: అమృతరావు గారి దీక్షతో ఉద్యమం విద్యార్థుల్లోకి వెళ్లింది’ అని రాస్తే, 11వ పేరా కూడా సరిగ్గా అదే చెబుతోందని వెంటనే పట్టుబడుతుంది. మీ ప్రతిలో పట్టుబడింది.

మీరు పంపిన ప్రతికి ఈ పని చేసి చూస్తే ఇంకో రెండు విషయాలు తేలాయి. 7వ పేరాకు ఒక్క వాక్యం కుదరలేదు, రెండు రాయాల్సివచ్చింది. అంటే అది రెండు పేరాలు. అసలు సమస్య 12వ పేరాలో ఉంది. రెండు నుంచి తొమ్మిది దాకా ఎనిమిది పేరాలు ఉద్యమం సాగిన 1966 మీదే నడిచాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో చేసిన ప్రకటనకు, 1971 జనవరి 20 నాటి శంకుస్థాపనకు ఒక పేరా ఉంది. తర్వాత 12వ పేరా ఒకే వాక్యంలో 1992 ఆగస్టు 1కి, ప్లాంటును జాతికి అంకితం చేసిన రోజుకు దూకేసింది. శంకుస్థాపన నుంచి అంకితం దాకా ఇరవై ఒక్క ఏళ్లు. చదివేవాళ్లకు పుట్టే ప్రశ్న అక్కడే ఉంది: రాయి వేశాక అంత కాలం ఎందుకు పట్టింది? మీ మిత్రులకు దారి తప్పినట్టు అనిపించింది ఈ గెంతు దగ్గరే.

మీకు రెండు దారులున్నాయి. వ్యాసాన్ని 1966కే పరిమితం చేసి, 10 నుంచి 14 దాకా ఉన్న పేరాలను ఒక్క పేరాకు కుదించి, పేరును ‘ఉద్యమం ఎలా ఊరూరా పాకింది’ లాంటి దానికి మార్చడం ఒకటి. 1966ను మూడు నాలుగు పేరాలకు తగ్గించి, నిధులు, భూసేకరణ, 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పాటు, నిర్మాణం – వీటికి నాలుగు పేరాలు ఇవ్వడం ఇంకొకటి. మీ సామగ్రి చూస్తే మొదటి దారే మంచిదని మా అభిప్రాయం. 1966 మీద మీ దగ్గరున్న వివరం చాలా విలువైనది, దాన్ని కోసేస్తే వ్యాసం మామూలుదైపోతుంది. తేదీల వరసలో చెప్పడం తప్పు కాదు. ‘ఆ తర్వాత’ అన్న మాట ఒక్కటే పేరాలను మోస్తుంటే మాత్రం తప్పు. ఒక్కో ‘ఆ తర్వాత’ను ‘దాంతో’గా మార్చగలరేమో ప్రయత్నించండి. మార్చలేని చోట మధ్యలో ఏదో జరిగింది, అది మీ కాగితం మీద లేదు.

కాగితానికి ఒకవైపే ప్రింటు తీసి, పేరాలను కత్తెరతో విడదీసి వరస మార్చి చూడండి. కంప్యూటరులో ఒకసారి ఒక తెర మేరకే కనబడుతుంది, నేల మీద 14 పేరాలూ ఒక్కచూపులో ఆనతాయి.

ప్రశ్న: ఇంగ్లీషు మీడియంలో చదివాను. తెలుగు వ్యాసానికి కూడా పాయింట్లు ఇంగ్లీషులోనే వస్తాయి. ఫోన్‌లో ఏఐని అడిగితే అవుట్‌లైన్ సిద్ధంగా ఇచ్చేస్తోంది. వాడుకోవచ్చా?
– అక్కయ్యపాలెం పాఠకురాలు

జవాబు: పాయింట్లు గుర్తుచేసుకునేటప్పుడు ఏ భాషలో వచ్చినా రానివ్వండి, ఆపి అనువదిస్తే రాబోయేది పోతుంది. వరస పెట్టే సమయానికి మాత్రం తెలుగు వాక్యాలుగా మార్చాలి. ఇంగ్లీషు పాయింట్లు ఎక్కువగా నామవాచకాల గుత్తులుగా ఉంటాయి. వాటిని అలాగే తెలుగు చేస్తే ‘తీర ప్రాంత పర్యావరణ పరిరక్షణ ఆవశ్యకత’ లాంటి రైలుబండ్లు వస్తాయి. ఎవరు, ఏం చేయాలి అన్నది దాని లోపల ఎక్కడో కూరుకుపోతుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి, క్రియ తేల్చుకోకుండా మొదలుపెట్టిన వాక్యం మధ్యలోనే తెగిపోతుంది.

ఏఐ ఇచ్చేదాన్ని ముందు చూడకండి. చూశాక మీకు వేరే వరస తోచడం కష్టం. అదే అంశం మీద అదే ప్రశ్న వేసిన మీ పక్కవాళ్లకూ దాదాపు అలాంటిదే వస్తుంది. మీది వేసుకున్నాక, ‘దీనికి ఎదురు చెప్పేవాళ్లు ఏమంటారు? నేనేం వదిలేశాను?’ అని అడగండి. వచ్చిన జవాబుల్లో ఒకటో రెండో పనికొస్తాయి. తేదీలు, అంకెలు ఇస్తే వేరేచోట సరిచూసుకోకుండా తీసుకోకండి.

ప్రశ్న: ఎర్రమట్టి దిబ్బల మీద వ్యాసం రాస్తున్నాను. అవుట్‌లైన్ ప్రకారమే మొదలుపెట్టాను గానీ మూడో పేరాకు వచ్చేసరికి ఆలోచన వేరే దారి పట్టింది. అవుట్‌లైన్‌కు కట్టుబడాలా, రాతను పోనివ్వాలా?
– బి.ఇడి. విద్యార్థి, భీమిలి

జవాబు: ఆ వాక్యం పూర్తిచేసి పెన్ను కింద పెట్టి, పక్కదారి ఎలాంటిదో చూడండి. కొత్తగా వచ్చింది ఒక ఉదాహరణ మాత్రమే అయితే అది మీ పంక్తుల్లో ఏదో ఒకదాని కిందికి చేరుతుంది. చేర్చేసి ముందుకు పొండి. అలా కాకుండా మీ జవాబు వాక్యమే మారిపోయి ఉండవచ్చు. ‘ఎర్రమట్టి దిబ్బలను పెద్ద పర్యాటక కేంద్రం చేయాలి’ అని మొదలుపెట్టారనుకోండి. మూడో పేరాలో, ఇవి గట్టి కొండలు కావని, వదులు ఇసుక మీద వాన నీరు గండ్లు కోస్తుందని, నడిచే కాళ్లు ఆ కోతను పెంచుతాయని రాశారు. ఈ పేరా మీ మొదటి వాక్యాన్ని కొట్టేస్తోంది. ఇప్పుడు మీరు నిజంగా చెప్పదలచుకున్నది ‘జియలాజికల్ సర్వే గుర్తించిన ఈ భూవారసత్వ స్థలాన్ని చూడటానికి దారి ఉండాలి గానీ, అది దిబ్బల మీదుగా ఉండకూడదు’ అని కావచ్చు.

అలాగైతే కొత్త వాక్యాన్ని పైన రాసి, చీటీలను మొదటి నుంచి పరచండి. పది నిమిషాల పని. అలా చేయకుండా రాత ఎటు పోతే అటు పోతే, మొదటి సగం ఒకటి వాగ్దానం చేసి రెండో సగం ఇంకొకటి చెల్లిస్తుంది. పరీక్ష హాల్లో మాత్రం ఈ అవకాశం ఉండదు. అక్కడ 30 నిమిషాలు దాటాక జవాబు మార్చకండి. కొత్త ఆలోచనను ‘అయితే’ పేరాలో పెట్టి, దానికి నాలుగైదు వాక్యాలు ఇచ్చి, పాత దారినే ముగించండి.

ఇంటి దగ్గర రాసేటప్పుడు జవాబు మారినా మారకపోయినా, మొదటి పేరాను చివర మళ్లీ రాయండి. దాన్ని రాసినప్పుడు మీకు తెలిసింది అవుట్‌లైన్ మేరకే. ఆరు పేరాలు రాసిన తర్వాత మీకు ఇంకా ఎక్కువ తెలుసు. తీసేసిన చీటీలను పారేయకుండా ఒక కవరులో వేసి, పైన అంశం పేరు రాసి పెట్టండి. మీ విషయంలో ఆ పర్యాటక కేంద్రం చీటీలు ఇంకో వ్యాసానికి సరిపడా ఉన్నాయి.